సమస్యాపూరణం: ‘పాడకుండిన పాటయె పండుగయ్యె’

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి పాదం. పాడని పాట పండుగ ఎలా అవుతుందో మీరే పొసగించాలి. ఈసారి వస్తువు కూడా ఇస్తున్నాం: వయసు మళ్లిన రాక్ బృందాలు, వాటిని యవ్వనం నుంచీ ప్రేమించిన అభిమానులు. ప్రాస నియమం లేదు గాని యతి తప్పకూడదు.

మంజీర: కాలేజీ రోజుల నుంచి నేను ఆరాధించిన బృందం కచేరీకి వెళ్లాను. పేరు చెప్పను. వేదికకు బాగా దగ్గరగా చోటు దొరికింది. ఒక పాటలో పై స్థాయికి లేచే చరణం రాగానే గాయకుడు జనానికి చేయి ఊపుతూ మైకును నడుము దాకా దించాడు. గొంతు మాత్రం ఆగలేదు. ఇరవై ఏళ్ల కుర్రవాడి గొంతు, ఒక్క వణుకు లేకుండా, స్పీకర్లలో సాగిపోయింది. నా చుట్టూ అందరూ ఎగురుతూనే ఉన్నారు.

పెదవి కదిలెనంతె, గళము పెగలలేదు;
మునుపు దాచిన పలుకులే మ్రోగె నచట;
నాకు కన్నీరు మిగిలెను, నలుగురికిని
పాడకుండిన పాటయె పండుగయ్యె.

నిర్వాహకుడు: మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం. పండుగను నలుగురికీ ఇచ్చేసి మీరు బయట నిలబడ్డారు, సమస్య అక్కడే విడిపోయింది. ‘నచట’ మాత్రం పాదం నింపడానికి వచ్చిన మాట. నడుము దాకా దిగిన మైకు వచనంలోనే ఉండిపోయింది, పద్యంలోకి రావలసింది.

తుంగభద్ర: 2003 ఏప్రిల్‌లో రోలింగ్ స్టోన్స్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చినప్పుడు అనంతపురం నుంచి వెళ్లి విన్నాను. ఆ బృందం గాయకుడు మిక్ జాగర్‌కు అప్పటికే అరవై నిండబోతున్నాయి. అలాంటి చోటికి మనం వినడానికే కాదు, పాడడానికీ వెళతాం. మంజీర గారి బాధ కాదనను, కానీ నా పూరణ మరో వైపు నుంచి.

గొంతు జీరపోయి నిలువ గుబులు మాని
మైకు మావైపు తిప్పిన మరునిమిషమె
వేలమంది యొక గళమై వెల్లువెత్త
పాడకుండిన పాటయె పండుగయ్యె.

మంజీర: తుంగభద్ర గారూ, మీ గాయకుడు మైకు తిప్పి నిజం ఒప్పుకున్నాడు. నేను చూసినవాడు ఒప్పుకోలేదు. నా కోపం ముసలితనం మీద కాదండీ. ముందే రికార్డు చేసి దాచిన గొంతుతో కచేరీ నడవాలంటే డ్రమ్మరు చెవిలో కొలత కొట్టే యంత్రం ఉండాలి, పాట దానికి కట్టుబడాలి. లేకపోతే వేదిక మీది వాయిద్యం ఒక దారి, స్పీకర్లలోని గొంతు ఒక దారి పడతాయి. జనం ఎంత ఊగిపోతున్నా ఒక్క ఆవృత్తం పొడిగించడానికి లేదు. నాకు ఇష్టమైన గిటారు వాద్యకారుడు ఆ రాత్రి ఒక్కసారి కూడా పాట గీత దాటలేదు. ఒకప్పుడు అతని కోసమే వెళ్లేదాన్ని.

కిన్నెరసాని: కెనడా బృందం రష్‌లో డ్రమ్మరు నీల్ పియర్ట్ 2015 ఆగస్టు 1న లాస్ ఏంజెలెస్‌లో వాయించి ఆపేశారు. స్థాయి పడిపోవడం జనం కంటపడకముందే ఆగారు. 2020 జనవరిలో కన్నుమూశారు.

చేతి సత్తువ యుండగ జెప్పి సెలవు
తాళముల వీడి యిండ్లకు తరలినారు;
వన్నె తరుగని తలపుల వాకిలందు
పాడకుండిన పాటయె పండుగయ్యె.

నిర్వాహకుడు: ‘వాకిలందు’ ఎంత బాగుందో! పండుగ దిగేది అక్కడే కదా. అయితే మిగిలిన ఇద్దరూ మరో డ్రమ్మరుతో 2026లో పర్యటిస్తామని 2025లో ప్రకటించారు, కాబట్టి ‘తరలినారు’ అనే బహువచనం నిలవదు. ‘యింటికి తరలె నతడు’ అంటే గణం, యతి రెండూ చెడవు. ఆ బృందం పాటలు ఎక్కువగా రాసింది కూడా పియర్టే గనుక నాలుగో పాదానికి అన్వయం కుదురుతుంది.

నాగావళి: ఇది నా మొదటి పూరణ.

చీటి కొనక యింటనె యుండి చిన్ననాటి
టేపు పెట్టగ వయసెల్ల తేలిపోయె;
నేడు వేదిక నెక్కిన నీడ కంటె
పాడకుండిన పాటయె పండుగయ్యె.

నిర్వాహకుడు: స్వాగతం. రెండో పాదంలో ‘టే’కు ‘తే’ యతి చెల్లదు. ‘డిగ్గిపోయె’ అనండి, సరిపోతుంది. టేపులో పాట పాడినదే కదా అని ఒకరు అడగవచ్చు. ఈ రాత్రి వేదిక మీద పాడనిది అన్న అర్థం మొదటి పాదంలో ఇంకొంచెం తేటపడాలి. ‘వేదిక నెక్కిన నీడ’ గట్టి మాట, దాన్ని కదపకండి.

శబరి: మన సభల్లో వయసు పైబడిన విద్వాంసుడు శ్రుతి దించుకుంటాడు. శిష్యుడు వెనుక కూర్చుని, గురువు ఊపిరి తీసుకునే చోట గొంతు కలుపుతాడు. అంతా మన కళ్లెదుటే జరుగుతుంది, ఎవరూ మోసపోయామనుకోరు. 2022 మార్చిలో జెనెసిస్ బృందం లండన్‌లో చివరి కచేరీ చేసినప్పుడు దాని గాయకుడు ఫిల్ కాలిన్స్ కుర్చీలో కూర్చునే పాడారు. ఒకప్పుడు తాను వాయించిన డ్రమ్ముల వద్ద కొడుకు నిక్ కూర్చున్నాడు. 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లో రాక్ గాయకుడు ఆజీ ఆస్బర్న్ కూడా ఆసనం మీద నుంచి లేవలేకనే పాడారు, ఆ నెల 22న కన్నుమూశారు. ఇద్దరూ తమ స్థితిని దాచలేదు.

కుర్చి దిగలేని గాయకు గుండె బలము
చూచి చేయెత్తి మొక్కితి, సున్నితముగ
నందలేని మెట్టును వీడ నందరకును
పాడకుండిన పాటయె పండుగయ్యె.

నిర్వాహకుడు: ఈ వారం నా ఓటు ఈ పద్యానికే. తక్కిన పూరణల్లో పాట మొత్తంగా మూగబోయింది, ఇక్కడ ఒక్క మెట్టే మూగబోయింది. సమస్యకు ఇంత సన్నని దారి ఉందని నేను ఊహించలేదు.

మంజీర: శబరి గారూ, నేను చూసిన ఆయన ఆ ఒక్క మెట్టు వదిలేసి ఉంటే ఇంకో పదేళ్లు వెళ్లేదాన్ని. నాగావళి గారిలా టేపు పెట్టుకోవడం కూడా ఇప్పుడు నా వల్ల కావడం లేదు. ఆ చరణం దగ్గరికి రాగానే దించిన మైకే కనిపిస్తోంది.

నిర్వాహకుడు: గడువు ఆదివారం రాత్రి వరకు. కిస్ బృందం 2023 డిసెంబరు 2న న్యూయార్క్‌లో చివరి కచేరీ ముగిస్తూ, ఇకపై తమ బదులు వేదిక ఎక్కబోయే డిజిటల్ రూపాలను తెర మీద చూపింది. ఆ కోణంలో పూరణ ఇంకా ఒక్కటీ రాలేదు.