90కి దగ్గరగా మార్కులొచ్చిన గేమ్‌ని కొన్నవాళ్లు ఎందుకు తిడుతున్నారు?

కావలి_చిన్నోడు

అన్నలూ, అక్కలూ, ఒక సందేహం. సంక్రాంతికి బాబాయి, అత్త ఇచ్చిన డబ్బులు ఖర్చు పెట్టకుండా దాచాను. వాటితో మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ అనే గేమ్ కొందామని చూస్తున్నాను. సేల్‌లో రేటు కూడా తగ్గింది.

రివ్యూల మార్కులన్నీ కలిపి సగటు చూపించే మెటాక్రిటిక్ సైట్‌లో దానికి విమర్శకుల సగటు నూటికి 90కి దగ్గరగా ఉంది. పెద్ద సైట్లన్నీ బ్రహ్మాండం అని రాశాయి. పీసీ గేములు అమ్మే స్టీమ్‌లో కొన్నవాళ్ల రివ్యూలు తెరిస్తే మాత్రం తిట్లే తిట్లు. ఒకాయన వందల గంటలు ఆడి, 'కొనొద్దు' అని రాశాడు. అంత బాగా లేకపోతే అన్ని గంటలు ఎందుకు ఆడినట్టు? ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారనిపిస్తోంది. ఎవరి మాట వినాలి?

నాది మామూలు గేమింగ్ ల్యాప్‌టాప్. ఆర్‌టీఎక్స్ 3050 కార్డు, 4 జీబీది. ర్యామ్ 16 జీబీ. బీటెక్ మూడో ఏడు. ఇది కొన్నాక మళ్లీ ఇంకో గేమ్ అంటే వచ్చే పండగ దాకా ఆగాలి. కాస్త చూసి చెప్పండి.

సింగరాయకొండ_ప్యాసింజర్

సైట్లన్నీ అమ్ముడుపోయాయి తమ్ముడూ. వాటికి యాడ్లు ఇచ్చేదెవరు? ఆ గేమ్ కంపెనీలే. తిడతారా మరి? యూట్యూబ్‌లో ఎవడో ఒకడు ఆడుతుంటే చూసెయ్, పైసా ఖర్చు లేదు.

ట్రంకురోడ్డు_గేమ్‌షాపు

ప్యాసింజర్ గారూ, అమ్ముడుపోయారు అనేది నోటికి తేలికైన మాట. ఆ మాట అనేముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

చిన్నోడా, ముందు నీ సంగతి. ఆ ల్యాప్‌టాప్ మీద ఆ గేమ్ కొనొద్దు. ఇది చెప్పడానికి ఏ రివ్యూ అక్కర్లేదు. స్టీమ్ పేజీలో కిందికి పోతే, కనీసం ఏం ఉండాలో రాసి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డుకి 6 జీబీ మెమరీ అడిగారు, నీకున్నది 4. ఆ 6 ఉన్నా వాళ్లు మాటిచ్చింది సెకనుకి 30 ఫ్రేములే, అంటే 30 బొమ్మలే. అదీ బొమ్మని 720 రిజల్యూషన్‌లో గీసి, 1080కి సాగదీసి చూపిస్తే. దాంతోపాటు 'రికమెండెడ్' అని ఇంకో వరస ఉంది చూడు, అందులో 60 ఫ్రేములు అని ఆశ పెట్టారు. పక్కనే 'ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తే' అని చిన్న మెలిక ఉంది. అంటే ఆ ఫ్రేముల్లో కొన్ని గేమ్ గీసినవి కావు, మధ్యలో ఇలా ఉండొచ్చు అని లెక్కేసి ఇరికించినవి. నా మాట మీద నమ్మకం లేకపోతే, ఆ గేమ్ చేసిన క్యాప్‌కామ్ వాళ్లే 2025 ఫిబ్రవరిలో, గేమ్ రాకముందే, ఒక బెంచ్‌మార్క్‌ని, అంటే నీ మిషన్ ఆ గేమ్‌ని మోయగలదో లేదో చూపించే ప్రోగ్రామ్‌ని, స్టీమ్‌లో ఉచితంగా పెట్టారు. దించుకుని నడిపి చూడు.

ఇక అబద్ధం ఎవరిది అన్నావు. ఎవరిదీ కాదబ్బాయ్. నేను నెల్లూరులో చిన్న గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. పీఎస్5 ప్లేస్టేషన్లు, ఒక పీసీ, గంట లెక్కన డబ్బులు. ఈ గొడవ నా కళ్ల ముందు రోజూ జరుగుతూనే ఉంటుంది.

టెక్కెన్ 8 అనే ఫైటింగ్ గేమ్ తీసుకో. 2024 జనవరిలో వచ్చింది, విమర్శకులు సగటున 90 ఇచ్చారు. 2025 ఏప్రిల్‌లో రెండో సీజన్ ప్యాచ్, అంటే గేమ్‌ని మార్చే అప్‌డేట్, వచ్చింది. అంతే, స్టీమ్‌లో కొత్తగా పడే రివ్యూలన్నీ ఎర్రగా మారిపోయాయి. ఎందుకు? అందులో ఎదుటివాడు ఆగకుండా మీద పడుతుంటే కాచుకునే దారులు తగ్గిపోయాయని, అన్ని క్యారెక్టర్లూ ఒకేలా అయిపోయాయని. ఆ కోపం న్యాయమైనదే. ర్యాంకు మ్యాచ్‌లు ఆడేవాడికి అది రోజూ తగిలే దెబ్బ. అదే టైంలో నా సెంటర్లో ఇంటర్ పిల్లలు కంట్రోలర్ మీద ఏ బటన్ పడితే ఆ బటన్ దంచి, ఎలుగుబంటితో పాండాని కొట్టించి, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటున్నారు. వాళ్లకి ప్యాచ్ వచ్చిందన్న సంగతే తెలియదు. ఇప్పుడు టెక్కెన్ 8 మంచి గేమా, చెడ్డ గేమా? నువ్వు అడిగిన 'వందల గంటలు ఆడి కొనొద్దన్న' పెద్దమనిషి కూడా ఇలాంటివాడే. అన్ని గంటలు ఆడాడు కాబట్టే అంత మండింది. కానీ ఆ మంట నీదాకా రావాలంటే నువ్వూ అన్ని గంటలు ఆడాలి.

దీనికి తిరగేసిన కథ ఫుట్‌బాల్‌ది. ఈఏ కంపెనీ వాళ్ల ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ గేమ్ ఏటా వస్తుంది. విమర్శకులు ఏటా 'పోయినేడాది లాగే ఉంది' అని 75 అటూ ఇటూ ఇస్తారు. కొన్నవాళ్లు మెటాక్రిటిక్‌లో అంతకన్నా ఘోరంగా ఉతుకుతారు. వాళ్ల కోపం అంతా అల్టిమేట్ టీమ్ మీద, ప్లేయర్ల కోసం మళ్లీ మళ్లీ డబ్బు కట్టించే ఆ పద్ధతి మీద. నా సెంటర్లో ఆ మోడ్ తెరిచేవాడే లేడు. ఇద్దరొస్తారు, చెరో టీమ్ తీసుకుంటారు, ఓడినవాడు డబ్బులు కడతాడు. సెంటర్ అద్దె కట్టేది ఆ గేమే. 90 వచ్చిన కథ గేములు నా దగ్గర అలాగే కూర్చుని ఉంటాయి, గంటకో మనిషి మారే చోట ముప్పై గంటల కథ ఎవడికి కావాలి?

స్ప్లిట్ ఫిక్షన్ ఒక్కటి కాస్త నిలబడింది. 2025 మార్చిలో వచ్చింది. అసలు ఒక్కడే ఆడటానికి కుదరదు, ఇద్దరుండాల్సిందే. అన్నాచెల్లెలు ఇద్దరు ఆదివారం ఆదివారం వచ్చి, ఆపిన చోట నుంచి మొదలుపెడుతున్నారు. మధ్యలో మొన్న కొట్లాడుకుని ఒక వారం రాలేదు.

ఇంకో సంగతి, ఈ మార్కుల లెక్కే వేరు. మన సినిమా సైట్లలో రేటింగులు 2.25కీ 3.25కీ మధ్యనే తిరుగుతాయి చూడు, 2.5 అంటే ఫ్లాప్ అని మనకి అర్థమైపోతుంది. గేములకి ఆ ఇరుకు 70కీ 95కీ మధ్య. మెటాక్రిటిక్‌లో 75 వస్తేనే ఆకుపచ్చ. అక్కడ ఏ సైటుకి ఎంత బరువు ఇస్తారో బయటికి చెప్పరు కూడా. ఓపెన్‌క్రిటిక్ అని అలాంటిదే ఇంకో సైట్‌లో అయితే అందరికీ సమానం. ఈ మార్కుల మీద జీతాలు కూడా ఆడతాయి. ఫాల్అవుట్ న్యూ వేగస్ చేసిన అబ్సిడియన్ వాళ్లకి 85 వస్తే బోనస్ అని ఒప్పందం, వచ్చింది 84. ఆ సంగతి ఆ కంపెనీలో పనిచేసిన క్రిస్ అవెలోనే 2012లో బయటపెట్టాడు.

విమర్శకుడు ఏ మిషన్ మీద ఆడాడో అన్నది అన్నిటికన్నా పెద్ద సంగతి. సైబర్‌పంక్ 2077 గుర్తుందా? 2020 డిసెంబర్‌లో విడుదలకి ముందు రివ్యూ రాసేవాళ్లకి పీసీ కాపీలే ఇచ్చారు. సొంతంగా తీసిన వీడియో చూపించొద్దన్నారు. మార్కులు అదిరిపోయాయి. తీరా పీఎస్4లో పెట్టినవాళ్లకి చుక్కలు కనిపించాయి. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి ఆ గేమ్‌నే తీసేసింది. రాసినవాళ్లు అబద్ధం రాయలేదు, వాళ్ల ముందున్నది రాశారు. వాళ్ల ముందు పెట్టనిది ఏందో చూసుకోవాల్సింది మనం. అందుకే నేను రివ్యూ తెరవగానే ఏ మిషన్ మీద ఆడాడో వెతుకుతాను. అది రాయకపోతే మూసేస్తాను. అంకె ఎంతన్నది నాకు పట్టదు.

ఒంగోలు_టెస్టర్

షాపు అన్నా, మిగతాదంతా ఒప్పుకుంటాను గానీ 'అంకె పట్టదు' అన్న దగ్గర నేను ఆగిపోయాను. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, తిట్లు చదవడమే నా పని. జనం తిట్టారు కాబట్టి అది నిజమని అనుకుంటే విమర్శకుల కన్నా పెద్ద గుంతలో పడతాం.

లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగం 2020 జూన్ 19న వచ్చింది. పాతిక గంటల దాకా పట్టే ఆట. అదే రోజు మెటాక్రిటిక్‌లో సున్నాలు వేలల్లో వచ్చి పడ్డాయి. పూర్తి చేసి వేశారా అవి? కథ ముందే లీకైంది, కొందరికి నచ్చలేదు, ఆడకుండానే వేసేశారు. తర్వాత నెలలోనే మెటాక్రిటిక్ పద్ధతి మార్చింది. గేమ్ వచ్చిన 36 గంటల దాకా మామూలు జనం మార్కులు వేయడానికి లేదు.

స్టీమ్ కొంత నయం, కొన్నవాళ్లే రాయాలి. అయినా పైన 'మోస్ట్‌లీ పాజిటివ్' అని చూపించే ఆ ఒక్క మాటలో లోకమంతా కలిసిపోయి ఉంటుంది. సిల్క్‌సాంగ్ గేమ్ సంగతి చూడండి. 2019లో ప్రకటించి 2025 సెప్టెంబర్ 4న ఇచ్చారు. రివ్యూ కాపీలు ముందుగా ఎవరికీ ఇవ్వలేదు. మొదట్లో డబ్బు పెట్టి నిలబెట్టిన జనం కన్నా ముందు విమర్శకులు ఆడటం న్యాయం కాదన్నారు ఆ గేమ్ చేసిన టీమ్ చెర్రీ వాళ్లు. మొదటి వారంలో ప్రపంచమంతా మెచ్చుకుంటుంటే చైనా వాళ్ల రివ్యూలు మాత్రం అడుగున ఉన్నాయి. కారణం ఆట కాదు, చైనీస్ అనువాదం పాత నాటకం డైలాగుల్లా ఉందట. అంతకు కొన్ని వారాల ముందే స్టీమ్ భాషల వారీగా రివ్యూలు విడదీసి చూపించడం మొదలుపెట్టింది కాబట్టి సంగతి తేటగా కనపడింది. లేకపోతే మనం కూడా ఆటే బాగాలేదనుకునేవాళ్లం.

హెల్‌డైవర్స్ 2కి 2024 మేలో ఒక్క వారాంతంలో రెండు లక్షలకు పైగా చెడ్డ రివ్యూలు పడ్డాయి. ఆట బాగాలేక కాదు, పీసీలో ఆడేవాళ్లు కూడా ప్లేస్టేషన్ ఖాతా తెరవాల్సిందే అన్నందుకు. సోనీ వెనక్కి తగ్గింది. అంటే అది రివ్యూ కాదు, ధర్నా. తప్పని నేను అనను, కానీ ధర్నా చూసి కూరగాయలు తాజాగా ఉన్నాయో లేదో చెప్పలేం కదా.

నేనైతే అంకె చూస్తాను. కానీ సగటు అంకె కాదు. నా అభిరుచికి దగ్గరగా రాసే విమర్శకులు ఇద్దరున్నారు, వాళ్లు ఇచ్చింది చూస్తాను. అందులో ఒకరు నాకు నచ్చినవన్నీ తిడతారు. ఆయన బాగా తిట్టాడంటే కళ్లు మూసుకుని కొంటాను.

సింగరాయకొండ_ప్యాసింజర్

అయితే అక్కా, విమర్శకుల్నీ నమ్మొద్దు, జనాన్నీ నమ్మొద్దు. అవార్డులైనా నమ్మొచ్చా? ఎక్స్‌పెడిషన్ 33కి లెక్కలేనన్ని ఇచ్చారు.

ఒంగోలు_టెస్టర్

ఆటైతే బాగుంది తమ్ముడూ, ఫ్రాన్స్‌లోని మాంట్‌పెలియేలో ఒక చిన్న స్టూడియో చేసింది. 2025 డిసెంబర్‌లో గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్‌తో కలిపి తొమ్మిది కొట్టింది. అదే నెలలో ఇండీ గేమ్ అవార్డ్స్ వాళ్లు తామిచ్చిన రెండూ వెనక్కి తీసుకున్నారు. తయారీలో ఏఐతో చేసిన బొమ్మలు వాడారని. ఆట నచ్చక కాదు, అయినా తీర్పు మారింది. ఎవరు దేనికి మార్కులేస్తున్నారో ముందే తెలుసుకోమనేది అందుకే.

అన్నట్టు, సైట్లు అమ్ముడుపోయాయన్నావు కదా. బ్లాక్ మిత్ వుకాంగ్‌కి విమర్శకులు 81 ఇచ్చారు, స్టీమ్‌లో నూటికి 95 మందికి పైగా మెచ్చుకున్నారు. కంపెనీ డబ్బులిచ్చి తక్కువ మార్కులు వేయించుకుందంటావా?

కావలి_చిన్నోడు

షాపు అన్నా, నువ్వు చెప్పిన బెంచ్‌మార్క్ దించాను. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకి అయింది. నా ల్యాప్‌టాప్ గట్టెక్కలేదు. అన్నీ తగ్గించి పెట్టినా, మనుషులు ఎక్కువున్న చోటికి వచ్చేసరికి బొమ్మ ముద్దముద్దగా అయిపోతోంది. ఫ్యాన్ సౌండుకి మా నాన్న లేచొచ్చి, మిక్సీ ఎవరు వేశారని అడిగాడు.

అంటే ఆ విమర్శకులు చూసిన గేమ్ నాకు దొరకదు, అర్థమైంది. ఇంకేదైనా చెప్పండి. మా ఫ్రెండ్ అయితే, కొను, నచ్చకపోతే స్టీమ్ వాళ్లు డబ్బులు వెనక్కిస్తారు అంటున్నాడు.

ట్రంకురోడ్డు_గేమ్‌షాపు

ఇస్తారు. కొన్న 14 రోజుల్లోపు అడగాలి, ఆడింది రెండు గంటలు దాటకూడదు. కానీ దాని మీదే పెట్టుకుని కొనొద్దు. పెద్ద గేముల్లో మొదటి గంట సినిమా చూపిస్తారు, తర్వాత క్యారెక్టర్ ముక్కూ మూతీ దిద్దుకోవడం, ఆపైన ఇరుకు దారిలో నడిపించడం. అసలు కార్డు మీద బరువు పడే చోటికి చేరేసరికి గడువు అయిపోయి ఉంటుంది. కొంటే మొదటి రోజే సెట్టింగ్స్ తేల్చుకో, గేమ్ తెరిచి పెట్టి అన్నానికి పోవద్దు. అది కూడా లెక్కలోకి వస్తుంది.

నీ కార్డుకి సిల్క్‌సాంగ్ గానీ హేడిస్ 2 గానీ హాయిగా నడుస్తాయి. సిల్క్‌సాంగ్‌కి డిస్కులో పది జీబీ కూడా అక్కర్లేదు, మీ ఇంటి నెట్‌కి అదే మేలు. కాకపోతే కష్టం. విడుదలైన కొద్ది రోజులకే మొదట్లో వచ్చే ఇద్దరు బాసుల్ని, అంటే పెద్ద శత్రువుల్ని, కాస్త మెత్తబరుస్తూ ప్యాచ్ ఇచ్చారంటే చూసుకో, అయినా కష్టమే. చచ్చిన చోటే పదిసార్లు చచ్చే ఓపిక లేకపోతే హేడిస్ 2 కొను. అది ఏడాదికి పైగా జనం చేతుల్లో నలిగి, 2025 సెప్టెంబర్‌లో పూర్తి రూపంలో వచ్చింది. చచ్చినా కథ ముందుకే పోతుంది, పైగా ఒక్కో విడత అరగంటలో అయిపోతుంది. క్లాసులున్న రోజుల్లో కూడా ఆడుకోవచ్చు.

రెండింటి స్టీమ్ పేజీలు తెరిచి, 'కొనొద్దు' అన్న రివ్యూలే చదువు. అందులో వాళ్లు తిట్టిన కారణం నీకు చికాకు అనిపించకపోతే, అదే కొనుక్కో. ఏది కొన్నావో వచ్చి చెప్పు.

కావలి_చిన్నోడు

హేడిస్ 2కి పెట్టిన ఒక తిట్టు: 'ఆపుదామంటే ఆపలేకపోతున్నాను, సెమిస్టర్ పోయింది.' కొనేశాను అన్నా.