సమస్యాపూరణం: "ఆపి మార్చవలయు నాపరాదు"

నిర్వాహకుడు, పర్లాకిమిడి

ఈ వారం సమస్య ఇది:

ఆపి మార్చవలయు నాపరాదు

ఆటవెలది నాలుగో పాదం. ఐదు సూర్యగణాలూ సరిపోయాయి, యతి ఆ–ఆ. మిగతా మూడు పాదాలు మీవి.

విషయం కూడా ముందే చెప్పేస్తున్నాను, ఎటో వెళ్ళిపోకుండా. గునుపురం మేస్త్రిగారు మొన్న ఒక ప్రశ్న వేశారు. బ్యాటరీ డ్రిల్లు మీద 1, 2 అని ఉండే గేరు నాబు బిగుసుకుపోయి, బొటనవేలు నొప్పెట్టేలా తోసినా కదలడం లేదట. ఆ బిగుసుకుపోవడం చుట్టూనే పద్యం తిరగాలి. ఒకే పాదంలో ఆపమనీ ఆపొద్దనీ ఉంది. ఆ రెండూ నిజమయ్యేలా పూరించాలి.

లోపలి సంగతి తెలియకపోతే పద్యం పైపైన ఉండిపోతుంది కాబట్టి కొంచెం చెప్తాను. డ్రిల్లు గేర్‌బాక్సులో మధ్యన సన్ గేరు, దాని చుట్టూ చిన్న ప్లానెట్ గేర్లు, వాటిని చుట్టి లోపలివైపు పళ్ళున్న రింగు ఉంటాయి. ఇలాంటి వరసలు రెండో మూడో ఒకదాని వెనక ఒకటి. నాబు 1లో ఉన్నప్పుడు ఒక వరస రింగు డొక్కకి కరుచుకుని కదలకుండా ఉంటుంది. ప్లానెట్లు దాని లోపల నడుస్తాయి, వేగం తగ్గి బలం పెరుగుతుంది. నాబును 2కి తోస్తే లోపలున్న స్ప్రింగు తీగ ఆ రింగును పక్కకి జరిపి, ప్లానెట్లను మోసే చట్రానికి తగిలిస్తుంది. అప్పుడు ఆ వరస మొత్తం ఒక్క ముద్దలా తిరుగుతుంది, అక్కడ వేగం తగ్గడం ఉండదు. మామూలు రెండు గేర్ల డ్రిల్లులో 1 మీద నిమిషానికి 400–500 చుట్లు, 2 మీద 1,500 నుంచి 2,000 దాకా ఉంటాయి.

గేరు, నాబు, బిట్టు, గ్రీజు అన్నీ పద్యంలోకి రావచ్చు. గిడుగు రామమూర్తిగారు 1880లో బడిపంతులుగా చేరిన ఊరిది. 1936లో మనం ఒరిస్సాలోకి వచ్చినా ఆయన మాట ఇక్కడే ఉంది. నోట్లో ఉన్న మాటను పద్యంలోకి రానివ్వకపోతే ఈ ఊళ్ళో కూర్చుని పద్యం రాయడంలో అర్థం లేదు. గణాలు, యతి మాత్రం తప్పకూడదు.

బరంపురం, విశ్రాంత ఉద్యోగి

నమస్కారం. నా ప్రయత్నం:

తిరుగుచుండ గేరు తిప్పబో కన్నయ్య,
పండ్లు రాచుకొనుచు పాడువడును;
మీట విడిచి నిలిపి మెల్లగా జరుపుము,
ఆపి మార్చవలయు నాపరాదు.

నిర్వాహకుడు

గురువుగారూ, ధార బాగుంది. "పండ్లు రాచుకొనుచు పాడువడును" చదువుతుంటే ఆ కరకర వినిపిస్తోంది. జరిగేదీ అదే: మోటారు తిరుగుతుండగా నాబు తోస్తే రింగు పళ్ళ అంచులు దెబ్బతిని గుండ్రబడతాయి, తర్వాత పట్టు నిలవదు.

కానీ సమస్యలో సగమే పూరించారు. "ఆపి మార్చవలయు" కుదిరింది. "ఆపరాదు" గాలిలో ఉంది. దేన్ని ఆపరాదు? పద్యం చెప్పడం లేదు. పైగా "నిలిపి" అన్నాక మళ్ళీ "ఆపి" పునరుక్తి.

బరంపురం, విశ్రాంత ఉద్యోగి

నిజమే. మూడో పాదం ఇలా మార్చితే?

మీట విడిచి నిలిపి, మెలకువ మాత్రము

మెలకువ మాత్రం ఆపరాదు అని అన్వయం.

నిర్వాహకుడు

అర్థం దొరికింది గానీ దూరాన్వయం. "మెలకువ మాత్రము" అన్న వెంటనే "ఆపి మార్చవలయు" వస్తుంటే చదివేవాడు మెలకువనే ఆపమన్నారనుకుంటాడు. మొదటి రెండు పాదాలు ఉంచి మూడోది ఇంకోసారి చూడండి.

గునుపురం, వడ్రంగి మేస్త్రి

ప్రశ్న నాదే కాబట్టి పూరణ కూడా పంపుతున్నాను. తప్పులుంటే దిద్దండి మాస్టారూ.

మోటరాగనిమ్ము ముందుగా నాపైన
నాబు జరుపు కొసకు నమ్మకముగ;
నట్టనడుమ నున్న నలుగును దంతాలు,
ఆపి మార్చవలయు నాపరాదు.

మోటారు ఆపి మార్చాల, నాబును మాత్రం సగంలో ఆపకూడదు. మా కుర్రోడు తొందరలో సగం తోసీసి మీట నొక్కీసేడు. గడగడమని ఒకటే చప్పుడు. అప్పట్నించే ఇది బిగిసిందని నా అనుమానం.

నిర్వాహకుడు

మేస్త్రిగారూ, ఇది పూరణ! "ఆపి"కి మోటారు, "ఆపరాదు"కి నాబు. రెండు మాటలకీ రెండు వస్తువులు, పద్యంలోనే కనిపిస్తున్నాయి. రెండో పాదం చివరి "నమ్మకముగ" యతి కోసం వచ్చినా పనికొచ్చింది. సగం భయంతో తోసేవాళ్ళే నాబును నడుమ వదిలేస్తారు.

మీ అనుమానం కొట్టిపారేసేది కాదు. రింగు సగమే పట్టుకుని ఉండగా మోటారు తిప్పితే బరువంతా పళ్ళ కొసల మీద పడుతుంది. కొసలకి ముళ్ళు లేస్తే ఆ తర్వాత నేరుగా జరగాల్సిన రింగు ప్రతిసారీ గీసుకుంటుంది. రింగును జరిపే తీగ వంగినా ఇదే లక్షణం.

రాయగడ, మోటార్ల మరమ్మతు

మా దుకాణానికి ఈ ఫిర్యాదుతో వచ్చే డ్రిల్లుల్లో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. అందుకే ఇలా రాశాను:

పంటికెదురు పన్ను పడినచో జరుగదు,
బలిమితోడ తోయ ఫలము లేదు;
చిటికె మీట నొక్కి చిన్నగా కదలించి
ఆపి మార్చవలయు నాపరాదు.

మోటారు ఆగినప్పుడు రింగు పళ్ళు ఎదుటి పళ్ళ సందుల్లోకే చూస్తూ ఆగుతాయన్న హామీ లేదు. పన్నుకి ఎదురుగా పన్ను ఆగితే ఎంత తోసినా వెళ్ళదు. ఇంకా గట్టిగా తోస్తే ప్లాస్టిక్ నాబు పగులుతుంది. మీటను ఒక్క చిటికె నొక్కి వదలాలి. లోపల అమరిక మారుతుంది. పూర్తిగా ఆగాక మళ్ళీ తోస్తే నాబు దానంతట అదే జారిపోతుంది. ఒకసారికి పడకపోతే మళ్ళీ చిటికె. ఆ ప్రయత్నం ఆపరాదు.

బరంపురం, విశ్రాంత ఉద్యోగి

ఎంత బాగా చెప్పారండీ, "పంటికెదురు పన్ను" అని! ఒక సందేహం. మీట నొక్కడం ఎందుకు, బిట్టును పట్టుకునే చక్‌ను చేత్తో కాస్త తిప్పితే చాలదా?

రాయగడ, మోటార్ల మరమ్మతు

పాత రకానికి చాలు సార్. ఇప్పుడు ఒంటిచేత్తో బిగించే చక్ ఉన్నవాటిలో చాలావాటికి స్పిండిల్ లాక్ ఉంటుంది. మోటారు వైపునుంచి తిరిగితేనే కదులుతుంది, చక్ వైపునుంచి తిప్పితే ఇరుక్కుంటుంది. కొద్దిగా ఆట తప్ప లోపలి గేర్లకు కదలిక చేరదు. అందుకే మీట అన్నాను. లాక్ లేని డ్రిల్లయితే మీరన్నట్టు చేత్తో తిప్పడమే నయం.

నిర్వాహకుడు

మొదటి పాదం ఈ వారానికంతా తలమానికం. ప-ప యతి సహజంగా పడింది, కారణం మొత్తం మూడు మాటల్లో వచ్చేసింది. రెండో పాదంలో బ–ఫ వర్గయతి సుఖంగా ఉంది. "కదలించి" తర్వాత "ఆపి" విసంధి, అంటే సంధి కలపలేదు అంటారేమో, ఆటవెలదిలో పాదాంతం దగ్గర నేను పట్టుబట్టను.

ఒక్క అసంతృప్తి. "ఆపరాదు" ప్రయత్నానికి అన్వయిస్తుందని మీరు కింద చెప్పాకే స్పష్టమైంది. అయినా చిటికె నొక్కడం, ఆపడం, మార్చడం వరసగా చెప్పిన తీరు వల్ల "పూర్తిగా ఆపి కూర్చోకు" అన్న ధ్వని పద్యంలోనే ఉంది. నాకది చాలు.

పర్లాకిమిడి, కొమ్ముపని కుటుంబం

అన్నయ్యగారూ, కొమ్ముతో నెమళ్ళు, కొంగలు చేసే ఇల్లు మాది. ఇదివరకు మా మామగారు బరమాతోనే కన్నాలు పెట్టేవారు, ఇప్పుడు డ్రిల్లే. నాకు పద్యం కొత్త.

కొమ్ము వేడి యెక్కి గుండ్రని బిట్టును
పట్టి విడువదపుడు పట్టుదలను;
బిట్టు బయటికీడ్చి పిమ్మట గేరును
ఆపి మార్చవలయు నాపరాదు.

2 మీద పెట్టి కన్నం వేస్తే కొమ్ము వేడెక్కి మెత్తబడుతుంది, కాలిన వెంట్రుకల వాసన వస్తుంది, బిట్టును పట్టేస్తుంది. కన్నంలో ఉండగా ఆపకూడదు, తిరుగుతుండగానే బయటికి లాగాలి. లాగాక ఆపి, 1కి మార్చుకోవాలి.

నిర్వాహకుడు

అమ్మా, కొత్త అన్నారు గానీ గణం ఒక్కటీ తప్పలేదు. "ఆపరాదు"కి మీరిచ్చిన అర్థం ఇంతవరకూ ఎవరికీ తట్టనిది. ఆపే చోటు ఒకటి, ఆపకూడని చోటు ఇంకొకటి. ఇది చేతిపనిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

ఒకే ఒక్క దిద్దుబాటు. "గుండ్రని" యతి కోసం తెచ్చిన మాట, బిట్టు గుండ్రనిదని వేరే చెప్పక్కర్లేదు. "గుంజును" అనండి. యతి నిలుస్తుంది, గణమూ అదే, క్రియ కూడా దొరుకుతుంది:

కొమ్ము వేడి యెక్కి గుంజును బిట్టును

పర్లాకిమిడి, కొమ్ముపని కుటుంబం

అవునండి, గుంజుతుంది. చేతికి తెలిసేది సరిగ్గా అదే. అలాగే మార్చుకుంటాను.

కొరాపుట్, పాలిటెక్నిక్ విద్యార్థి

మాస్టారూ, నా పూరణ:

చలికి గడ్డకట్టి జారని గ్రీజును
తుడిచి కొత్త గ్రీజు పూయవలెను;
యేటికొక్కసారి యింటిలో పనులన్ని
ఆపి మార్చవలయు నాపరాదు.

ఇక్కడ పుష్యమాసం పొద్దుట డ్రిల్లు నాబు అసలు కదలదు. మధ్యాహ్నానికి మామూలైపోతుంది. పనులు ఆపి గ్రీజు మార్చాలి, ఆ పనిని వాయిదా వేసి ఆపరాదు.

నిర్వాహకుడు

నాయనా, పొద్దుట బిగుసుకుని మధ్యాహ్నం వదులవుతోందని గమనించావు చూడు, అది చాలా విలువైన గమనిక. పళ్ళు అరిగితే ఎండకి బాగుపడవు. చలికి చిక్కబడేది గ్రీజే.

ఛందస్సుకి వద్దాం. మొదటి పాదంలో "గ్రీజు" ముందున్న "ని" గురువా లఘువా అని భయపడకు. లఘువైతే భగణం, గురువైతే రగణం. రెండూ ఇంద్రగణాలే. రెండో పాదంలో మాత్రం యతి పోయింది: తు–పూ కుదరవు. ఇలా చూడు:

పొడిగ తుడిచి కొత్త పూత పూయ;

పొ–పూ చెల్లుతుంది. గ్రీజు మాట రెండుసార్లు రావడం కూడా తప్పింది.

రాయగడ, మోటార్ల మరమ్మతు

తమ్ముడూ, పద్యం బాగుంది. కానీ "ఏటికొక్కసారి" అన్నదానితో నాకు పేచీ. డ్రిల్లుకి అలాంటి తిథి లేదు. ఇంట్లో ఎప్పుడో మేకు కన్నం వేసేవాడు గేర్‌బాక్సు విప్పనక్కర్లేదు. వారంటీ ఉండగా విప్పితే అదీ పోతుంది. రోజూ గోడల మీద పనిచేసి సిమెంటు దుమ్ము లోపలికి వెళ్ళినవాడే చూసుకోవాలి. అప్పుడూ బ్యాటరీ తీసేశాకే విప్పాలి. గేర్లకి పనికొచ్చే గ్రీజు పళ్ళకి పలచగా పట్టించాలి. గేర్‌బాక్సు నిండా కూరితే అదే బిగువుకి కారణమవుతుంది. ఇంకోమాట, నాబు సందులోంచి పలచటి నూనె స్ప్రే కొట్టకండి. ఆ పూటకి జారుతుంది, తర్వాత ఉన్న గ్రీజంతా కడిగేస్తుంది.

కొరాపుట్, పాలిటెక్నిక్ విద్యార్థి

అన్నా, అర్థమైంది. "ఏటికొక్కసారి" తీసేసి వేరేలా రాస్తాను. విప్పకుండా చలికి ఏదైనా ఉపాయం ఉందా?

రాయగడ, మోటార్ల మరమ్మతు

ఉంది. బరువు పెట్టకుండా ఉన్న గేరులోనే ఒక నిమిషం ఊరికే తిప్పు. గ్రీజు కాస్త వెచ్చబడి పల్చబడుతుంది. ఆపి, అప్పుడు మార్చు.

నిర్వాహకుడు

ఈ వారానికి రాయగడ పూరణను ముందు పెడుతున్నాను. కొమ్ముపని అమ్మగారిది దాని పక్కనే. అర్థం కొత్తదనంలో ఆవిడదే పైచేయి, కారణాన్ని పట్టుకోవడంలో రాయగడది. మేస్త్రిగారూ, అసలు డ్రిల్లు సంగతి ఏమైంది?

గునుపురం, వడ్రంగి మేస్త్రి

చిటికె నొక్కి చూసేను మాస్టారూ. 1 నుంచి 2కి వెళ్తోంది. 2 నుంచి 1కి వచ్చీసరికి మాత్రం ఇంకా గీసుకుంటోంది. బరువు పెడితే ఓమాటు గడగడమంటోంది కూడా.

రాయగడ, మోటార్ల మరమ్మతు

అయితే మీ కుర్రోడి మీద అనుమానం నిజమే మేస్త్రిగారూ. బరువు పెట్టినప్పుడు చప్పుడొస్తోందంటే 1లో రింగు డొక్కని పట్టుకునే పళ్ళు అరిగాయి, లేదా తీగ వంగి రింగును కొసదాకా తోయడం లేదు. ముందు చక్ వెనకుండే అంకెల టార్క్ కాలర్‌ను డ్రిల్లు గుర్తు మీద పెట్టి చూడండి, ఒక్కోసారి ఆ గడగడ బిగువు ఎక్కువైతే జారిపోయే క్లచ్‌ది. అక్కడా చప్పుడొస్తే ఇంక 1 మీద పెద్ద కన్నాలు వేయకండి. తీగ వంగితే సరిచేయొచ్చు. పళ్ళు పోతే గేర్‌బాక్సు మొత్తం మార్చడమే, చాలా డ్రిల్లులకి అది ఒకే ముక్కగా దొరుకుతుంది. ఆదివారం రైలుకి ఇటు వస్తే తెచ్చేయండి, విప్పి చూద్దాం.