అప్‌డేట్: మారేడుమిల్లి పుట్టగొడుగుల సంగతి తేలింది

మారేడుమిల్లి అడవి అంచున దొరికిన రెండు రకాల తెల్ల పుట్టగొడుగులు తినొచ్చా అని అడిగాను కదా. రాలే బీజాల పొడి రంగుని బట్టి రకం తెలుస్తుందని మీరు చెప్పినట్టే గొడుగులు కోసి, తెల్లకాగితం మీద బోర్లించి, గిన్నె మూతపెట్టి రాత్రంతా ఉంచాను.

పచ్చిక బయల్లో దొరికినదాని కింద పొద్దున్నే పాచిరంగు పొడి! అది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే విషపు రకం. తింటే వాంతులు, విరేచనాలే. చూడ్డానికి మాత్రం ఎంత ముద్దుగా ఉందో!

చెదపుట్ట మీద మొలిచింది లేత గులాబీ పొడి రాల్చింది. గొడుగు నడిమధ్య మొనదేలి ఉంది, కాడ వేరులా పుట్టలోకి దిగింది. టెర్మిటోమైసెస్ అనే తినే రకం అన్నమాట. చెదలు గూట్లో పెంచుకునే బూజే వానలకి ఇలా పైకొస్తుందట. ఊళ్లో పెద్దావిడ ఈ కాగితాల గొడవేమీ లేకుండా కాడ చూసి చెప్పేసింది. ఆవిడ సరేనన్నాకే కూర వండాం.

వెదురు పొదల్లో తెల్ల వల కట్టుకున్న ఇంకోటి కనిపించింది. కంపు భరించలేక ఫొటోతో సరిపెట్టాను.