140 వాట్ల 4060నా, 90 వాట్ల 4070నా? టఫ్ ఏ15, జెఫిరస్ జీ14 మధ్య తేలని తగవు

కొత్తకీబోర్డు:
ఆటల కోసం ల్యాప్‌టాప్ వెతగ్గా వెతగ్గా రెండు మిగిలాయి. ఒకటి ఏసస్ టఫ్ ఏ15, 2023 మోడల్: ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ చిప్, దానికి గరిష్ఠంగా దక్కే కరెంటు 140 వాట్లు, 15.6 అంగుళాల 1920×1080 స్క్రీన్, 144 హెర్ట్జ్, 90 వాట్-అవర్ బ్యాటరీ, 2.2 కిలోలు. రెండోది అదే కంపెనీ జెఫిరస్ జీ14, 2024 మోడల్: ఆర్‌టీఎక్స్ 4070, 90 వాట్లు, 14 అంగుళాల 2880×1800 ఓఎల్ఈడీ, 120 హెర్ట్జ్, 73 వాట్-అవర్, కిలోన్నర. సగం టైమ్ కథ ఉన్న పెద్ద ఆటలు, సగం ఆన్‌లైన్ షూటర్లు. నాలుగేళ్లు లాగాలి. 90 వాట్లకు కట్టేసిన 4070 మీద 140 వాట్ల 4060నే నయమని కొందరు, కాదని ఇంకొందరు. ధర సంగతి పక్కన పెట్టి ఏది మంచిదో చెప్పండి.

చల్లగాలి:
టఫ్. జీ14లో 90 అనే అంకె కూడా నికరంగా 90 కాదు. అది 65 వాట్లు, పైన డైనమిక్ బూస్ట్ ఇచ్చే 25. ఆ 25 ప్రాసెసర్ వాటాలోంచి తెచ్చేది. ఆటలో ప్రాసెసర్‌కు పని లేనప్పుడే గ్రాఫిక్స్‌కు దక్కుతుంది. జనం కిక్కిరిసిన ఓపెన్ వరల్డ్ నగరంలోకో, 64 మంది ఉన్న మ్యాచ్‌లోకో వెళ్తే ప్రాసెసర్ తన వాటా తను అడుగుతుంది, 4070 కిందికి జారుతుంది. టఫ్‌లో కూడా 140 అంటే 115+25 లెక్కే, కాకపోతే 25 పోయినా 115 మిగులుతుంది. పెట్టెలో 240 వాట్ల ఛార్జర్ ఇస్తారు కాబట్టి ఊపిరాడని పరిస్థితి రాదు. పేరులో 70 ఉందని మోసపోకండి.

వాట్‌లెక్క:
చల్లగాలి గారూ, 65+25 లెక్క ఒప్పుకుంటాను. అక్కడి నుంచి తీసిన తీర్పు మాత్రం ఒప్పుకోను. 4060లో 3072 కోర్లు, 4070లో 4608. అంటే సరిగ్గా ఒకటిన్నర రెట్లు. చిప్ తినే కరెంటు ఫ్రీక్వెన్సీతో పాటు వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. తక్కువ కోర్లను తరుముతూ పరిగెత్తించడం కన్నా ఎక్కువ కోర్లను నిదానంగా నడిపిస్తేనే వాటుకు ఎక్కువ ఫ్రేములు వస్తాయి.

ఇంకోటి, 140 అనే అంకెను చూసి అందరూ మురిసిపోతారు గానీ ల్యాప్‌టాప్ 4060 చాలా ఆటల్లో 100 వాట్ల చుట్టుపక్కలే ఆగిపోతుంది. దానికి అడ్డం పడేది వేడి కాదు, ఛార్జర్ కాదు, వోల్టేజీ పరిమితి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో (లోపలి రీడింగులు చూపే సాఫ్ట్‌వేర్) తెరిచి 'పెర్ఫార్మెన్స్ లిమిట్' వరసలు చూడండి: పవర్ దగ్గర 'నో', వోల్టేజీ దగ్గర 'యస్' కనిపిస్తుంది. మిగతా 40 వాట్లు కాగితం మీదే. కాబట్టి అసలు పోటీ 140కీ 90కీ కాదు, సుమారు 100కీ 90కీ. ఆ లెక్కన 4070 కాస్త ముందే ఉంటుంది. కాస్తే సుమా, 4608 కోర్లు ఆశ పెట్టినంత కాదు.

మెమరీమేస్త్రి:
కోర్ల గొడవలో పడి మెమరీని మరిచారు. రెండింట్లోనూ 8 జీబీ జీడీడీఆర్6, 128 బిట్ బస్సు (మెమరీకి వెళ్లే దారి), సెకనుకు 256 జీబీ. అక్షరం తేడా లేదు. ల్యాప్‌టాప్ 4070 బలహీనత అక్కడే ఉంది: కోర్లు ఒకటిన్నర రెట్లు పెంచి, వాటికి మేత వేసే దారి మాత్రం 4060 వెడల్పే ఉంచారు. 12 జీబీ కావాలంటే ఈ తరంలో 4080కి వెళ్లాల్సిందే.

8 జీబీ దాటితే ఏమవుతుందో తెలియాలి. టెక్స్చర్లు (వస్తువుల పైపూత బొమ్మలు) సిస్టమ్ ర్యామ్‌లోకి పొంగుతాయి, గ్రాఫిక్స్ చిప్‌ను మిగతా మెషీన్‌తో కలిపే పీసీఐఈ దారి మీదుగా వచ్చిపోతాయి. ఆ దారిలో సెకనుకు 16 జీబీ మాత్రమే నడుస్తుంది. సగటు ఫ్రేములు బాగానే కనిపిస్తాయి, కెమెరా తిప్పగానే గుక్క పట్టినట్టు ఆగుతుంది. కొన్ని ఆటలు ఆగకుండా టెక్స్చర్లను మట్టిముద్దల్లా చూపిస్తాయి. జనం అది చూసి గ్రాఫిక్స్ చాల్లేదని డీఎల్ఎస్ఎస్ (తక్కువ పిక్సెళ్లలో గీసి పెద్దది చేసే ఎన్విడియా పద్ధతి) తగ్గిస్తారు. తగ్గించాల్సింది టెక్స్చర్ క్వాలిటీ, ఒక మెట్టు. ఫ్రేమ్ జనరేషన్ (నడుమ ఫ్రేములను ఊహించి చేర్చేది) ఆన్ చేస్తే అదీ తన వంతు మెమరీ తింటుంది, అప్పటికే అంచున ఉన్న ఆటలో అది గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఇప్పుడు స్క్రీన్ లెక్క. 1920×1080 అంటే 20,73,600 పిక్సెళ్లు. 2880×1800 అంటే 51,84,000. సరిగ్గా రెండున్నర రెట్లు. అదే 8 జీబీతో రెండున్నర రెట్ల పిక్సెళ్లు మోయాలి. అందుకే నా ఓటు టఫ్‌కే.

పిక్సెల్‌పిచ్చి:
మేస్త్రి గారూ, 2880×1800లో నేటివ్‌గా, అంటే స్క్రీన్ పిక్సెళ్లన్నీ నేరుగా గీస్తూ ఆడమని ఎవరన్నారు? డీఎల్ఎస్ఎస్ క్వాలిటీ పెడితే లోపల గీసేది ఒక్కో వైపు మూడింట రెండొంతులు, అంటే 1920×1200. పిక్సెళ్లు 23 లక్షలు. టఫ్ నేటివ్‌గా గీసేదానికన్నా తొమ్మిదో వంతు ఎక్కువ, అంతే. చివర్లో పెద్దది చేసే ఖర్చు కొంత ఉంటుంది, అది 4070 భరిస్తుంది. కంటికి కనపడే బొమ్మ మాత్రం 1080లో నేటివ్‌గా గీసినదానికన్నా పదునుగా ఉంటుంది. డీఎల్ఎస్ఎస్ లేని పాత ఆటలకు 1440×900 ఉంది. సరిగ్గా సగం కాబట్టి ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లో ఇంటీజర్ స్కేలింగ్ (ఒక్కో పిక్సెల్‌ను నాలుగుగా చూపేది) పెట్టుకుంటే మసక రాదు, గళ్లు మాత్రం కనిపిస్తాయి.

టఫ్ స్క్రీన్ గురించి ఎవరూ నోరు విప్పరేం? అదే మోడల్ పేరు మీద రెండు రకాల ప్యానెళ్లు వచ్చాయి. ఒకటి ఎస్‌ఆర్‌జీబీ (రంగుల ప్రమాణం) 100 శాతం, ఇంకోటి 62.5 శాతం. రెండోదానిలో ఎరుపు ఇటుక రంగులోకి దిగిపోతుంది. వివరాల పట్టీలో 'ఎన్‌టీఎస్‌సీ 45 శాతం' అని ఉంటే అదే ఇది. వెలుతురు 250 నిట్లు, కిటికీ పక్కన కూర్చుంటే మొహం కనిపిస్తుంది.

గురిపెట్టు:
షూటర్ల మాట కొస్తే 144 హెర్ట్జ్‌లో ఫ్రేముకు 6.9 మిల్లీసెకన్లు, 120లో 8.3. కాగితం మీద టఫ్ గెలుపు. కానీ మామూలు ఎల్‌సీడీలో పిక్సెల్ రంగు మారేలోపే తర్వాతి ఫ్రేము వచ్చేస్తుంది, కదిలే శత్రువు వెనక తోకలా నీడ సాగుతుంది. ఓఎల్ఈడీలో మార్పు 0.2 మిల్లీసెకన్ల మాట, తోక ఉండదు. స్పష్టతలో 120 ఓఎల్ఈడీ, నిదానమైన 144 ఎల్‌సీడీని దాటుతుంది. చేతికి తగిలే ఆలస్యం మాత్రం టఫ్‌లోనే కాస్త తక్కువ.

ఓఎల్ఈడీ కొనేవాళ్లకు ఒక హెచ్చరిక: రోజూ ఒకే ఆట గంటల తరబడి ఆడితే మినీ మ్యాప్, ఆరోగ్యపు గీత ఉన్నచోట మచ్చ పడే ప్రమాదం ఉంది. టాస్క్‌బార్ దాచండి, డెస్క్‌టాప్ నల్లగా పెట్టండి, ఆటలో ఆ సదుపాయం ఉంటే హెచ్‌యూడీ (తెర మీద కదలకుండా ఉండే మ్యాప్, గీతలు) వెలుగు తగ్గించండి. ఫ్రేములను 117 దగ్గర ఆపితే వీఆర్‌ఆర్ (ఫ్రేములకు తగ్గట్టు స్క్రీన్ వేగం మార్చే ఏర్పాటు) పరిధి దాటకుండా ఉంటుంది.

స్క్రూడ్రైవర్:
అందరూ గ్రాఫిక్స్ కార్డు దగ్గరే ఆగిపోయారు. నాలుగేళ్లు అన్నారు కదా, మూత విప్పి చూద్దాం.

జీ14లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. 16 కొంటే చచ్చేదాకా 16. ఎస్‌ఎస్‌డీ చోటు ఒకటే. ప్రాసెసర్ మీద లిక్విడ్ మెటల్ ఉంది. బాగా చల్లబరుస్తుంది గానీ అందులో గాలియం ఉంటుంది, అల్యూమినియం తగిలితే తినేస్తుంది, కరెంటు కూడా పారిస్తుంది. కాబట్టి హీట్‌సింక్ జోలికి ఇంట్లో పోకండి, ఫ్యాన్లు తుడుచుకోవడంతో సరిపెట్టుకోండి.

టఫ్‌లో రెండు ర్యామ్ స్లాట్లు, రెండు ఎస్‌ఎస్‌డీ చోట్లు. కానీ పెట్టెలో ఒకే 16 జీబీ కర్ర వస్తే ఆటలు కుంటుతాయి, ముఖ్యంగా ప్రాసెసర్ మీద ఆధారపడేవి. అదే వేగం, అదే సైజు ఉన్న రెండో కర్ర పెట్టాలి. క్రమం ఇది: పూర్తిగా షట్‌డౌన్, ఛార్జర్ తీసేయడం, స్క్రూలు విప్పి ఏది ఎక్కడిదో కాగితం మీద గుచ్చుకోవడం (పొడవులు వేరు కావచ్చు, పొడుగుది తప్పు చోట బిగిస్తే పై పలక ఉబ్బుతుంది), ప్లాస్టిక్ కార్డుతో అంచులు ఊడదీయడం, లోపల దేన్నీ ముట్టుకోకముందే బ్యాటరీ కనెక్టర్ లాగేయడం. కర్రను 30 డిగ్రీల వాలులో దోపి, క్లిప్పులు టక్కుమనేదాకా కిందికి నొక్కాలి. మొదటిసారి ఆన్ చేస్తే డీడీఆర్5 మెమరీ శిక్షణ కోసం కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. పాడైందని కంగారుపడి మధ్యలో ఆపేయకండి.

అసలు మోసం ప్రాసెసర్ పేరులో ఉంది. టఫ్ ఏ15 2023 రైజెన్ 7 7735హెచ్‌ఎస్‌తోనూ వచ్చింది, రైజెన్ 9 7940హెచ్‌ఎస్‌తోనూ వచ్చింది. మూడో అంకె చూడండి: 3 అంటే జెన్ 3 ప్లస్, పాత తరం. 4 అంటే జెన్ 4. రెంటికీ మొదట 7 ఉంది కదా అని ఒకటే అనుకుంటారు. జీ14లోని 8945హెచ్‌ఎస్ పేరు పెద్దది గానీ లోపల అదే 8 కోర్ల జెన్ 4, 7940కి దాదాపు కవల. పెరిగింది ముఖ్యంగా ఏఐ భాగమే, దానివల్ల ఆటల్లో ఒక్క ఫ్రేము రాదు.

చల్లగాలి:
వాట్‌లెక్క చెప్పిన వోల్టేజీ పరిమితి నిజమే, ఒప్పుకున్నాను. అయినా ఇంకోటి ఉంది. అదే వేడిని చిన్న డబ్బాలోంచి బయటకు తోయాలంటే ఫ్యాన్లు గట్టిగా అరవాల్సిందే. జీ14ని టర్బో మోడ్‌లో పెట్టి హెడ్‌ఫోన్లు లేకుండా ఆడటం కష్టం. సైలెంట్‌లో పెడితే 90 మాట మరిచిపోవాలి.

వాట్‌లెక్క:
గోలకు మందు ఉంది, రెండు మెషీన్లకూ పనికొస్తుంది. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో (గ్రాఫిక్స్ చిప్ వేగం, వోల్టేజీ మార్చే సాఫ్ట్‌వేర్) కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజీ గీత వస్తుంది. 900 మిల్లీవోల్టుల దగ్గరి చుక్కను 150 మెగాహెర్ట్జ్ పైకి లాగండి, దాని కుడివైపువన్నీ ఆ ఎత్తును దాటకుండా చదును చేయండి, అప్లై కొట్టండి. రే ట్రేసింగ్ (వెలుగు కిరణాలను లెక్కగట్టి గీసే పద్ధతి) ఉన్న బరువైన ఆట అరగంట నడపండి. డ్రైవర్ కూలినా, స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడినా 15 మెగాహెర్ట్జ్ చొప్పున వెనక్కి దిగండి. చిన్న బెంచ్‌మార్క్ ఒక్కసారి దాటిందని సంబరపడొద్దు, తేలికపాటి లోడులో నిలబడి రే ట్రేసింగ్‌లో పడిపోయే గీతలే ఎక్కువ. ప్రాసెసర్ వైపు విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో బూస్ట్ మోడ్ ఆపేస్తే వేడి బాగా దిగుతుంది. కథల ఆటల్లో తేడా తెలీదు, షూటర్లలో మాత్రం ఆపకండి.

కొత్తకీబోర్డు:
చెప్పడం మరిచిన సంగతి ఒకటి. బల్ల మీద 2560×1440, 165 హెర్ట్జ్ మానిటర్ ఉంది, సగం ఆట దాని మీదే. వారంలో మూడు రోజులు ల్యాప్‌టాప్ బ్యాగులో తిరుగుతుంది. టైప్-సీ ఛార్జర్‌తో ఆడొచ్చా?

స్క్రూడ్రైవర్:
ముందే చెప్తే సగం తగవు తప్పేది. రెండూ టైప్-సీ మీద 100 వాట్లు తీసుకుంటాయి, రాతపనికీ సినిమాలకూ ఎక్కువే. ఆటకు చాలదు: వేగం పడిపోతుంది, పైగా బ్యాటరీ కూడా అరుగుతుంది. ఆడేచోటికి అసలు ఛార్జర్ మోయాల్సిందే. అప్పుడు టఫ్ మోత 2.2 కిలోలు కాదు, 240 వాట్ల ఇటుకతో కలిపి లెక్కేయండి. జీ14ది 180.

మానిటర్ తీగ ఎక్కడ గుచ్చుతున్నారో కూడా చూసుకోండి. టైప్-సీ పోర్టులన్నీ ఎన్విడియా చిప్‌కే వెళ్తాయని లేదు, కొన్ని రైజెన్ లోపలి గ్రాఫిక్స్ మీదుగా వెళ్తాయి, అప్పుడు ప్రతి ఫ్రేమూ చుట్టుదారిన వస్తుంది. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లో ఫిజ్ఎక్స్ (PhysX) పేజీ తెరిస్తే ఏ స్క్రీన్ ఏ చిప్‌కి తగిలిందో బొమ్మ వేసి చూపిస్తుంది. అదే ప్యానెల్లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి 'మాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్' చూడండి. 140 లేదా 90 అక్కడ కనిపించకపోతే ఆర్మరీ క్రేట్‌లో (ఏసస్ సొంత సాఫ్ట్‌వేర్) మోడ్ మార్చి మళ్లీ చూడండి.

మెమరీమేస్త్రి:
మానిటర్ 1440 అయితే టఫ్ స్క్రీన్ గొడవ సగం సద్దుమణిగినట్టే. కానీ వారంలో మూడు రోజులు బ్యాగు అంటున్నారు కాబట్టి జీ14కి అడ్డుపడను, 32 జీబీది అయితేనే. 16 జీబీ అతికించినది నాలుగేళ్ల మాటకు పనికిరాదు, అందులోంచి లోపలి గ్రాఫిక్స్ కూడా కొంత లాక్కుంటుంది. 32ది దొరక్కపోతే 7940హెచ్‌ఎస్ ఉన్న టఫ్.

చల్లగాలి:
నా ఓటు ఇంకా టఫ్‌కే. భుజం నొప్పి మీది.