మదర్ హౌస్ ప్రదర్శనశాలకు పిల్లలను తీసుకువెళ్లాలనుకుంటున్నాము, సలహా కావాలి

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
అందరికీ నమస్కారం. మా సండేస్కూలులో చదివే పెద్దపిల్లలను దసరా సెలవుల్లో కోల్‌కతాకు తీసుకువెళ్లి, మదర్ థెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ ఛారిటీ సంఘపు ముఖ్య నివాసమైన మదర్ హౌస్‌లో, ఆ సంఘం చరిత్రను చూపించే ప్రదర్శనశాలను చూపాలని అనుకుంటున్నాము. మాతో కొందరు హిందూ పిల్లలు కూడా వస్తున్నారు. మేము కేథలిక్కులము కాము. అందరినీ రానిస్తారా, పిల్లలకు అర్థమయ్యే విషయం అక్కడ ఎంత ఉంటుంది, ఎంతసేపు పడుతుంది? చూసినవారు దయచేసి తెలియజేయగలరు.

జవాబు (బరంపురం నుంచి):
నమస్కారమండీ. ఏ మతం వారినైనా రానిస్తారు, ప్రవేశ రుసుము లేదు. గురువారం మాత్రం సందర్శకులను అనుమతించరు. మిగిలిన రోజుల్లో ఉదయం 8 నుంచి 12 వరకు, మధ్యాహ్నం 3 నుంచి 6 వరకు చూడవచ్చు. పెద్ద మ్యూజియంను ఊహించుకుని వెళ్తే పిల్లలు నిరాశపడతారు కాబట్టి, అది సిస్టర్లు ఇప్పటికీ నివసిస్తున్న ఇల్లని ముందే చెప్పండి. మదర్ థెరిసా సమాధి ఉన్న హాలు, ఆమె వాడిన చెప్పులు, భోజనపు గిన్నె వంటి వస్తువులతో చిన్న ప్రదర్శన, మెట్లెక్కితే ఆమె గది, అంతే. ఆ గది దగ్గర మాత్రం పిల్లలను కాసేపు నిలబెట్టండి. ఇరుకైన ఇనుప మంచం, రాసుకునే బల్ల, కూర్చోవడానికి ఒక బెంచీ. కింద వంటగది ఉండడం వల్ల వేడి పైకి కొట్టే ఆ గదిలో, ఫ్యాను కూడా పెట్టించుకోకుండా, 1953 నుంచి 1997లో కన్నుమూసే వరకు ఆమె ఉన్నారు. అప్పటికే నోబెల్ బహుమతి అందుకుని 18 ఏళ్లు గడిచాయన్న సంగతి అక్కడే చెప్తే పిల్లలకు బాగా నాటుకుంటుంది. మొత్తం చూడడానికి గంటన్నర చాలు.

ఒక్క మాట. దసరాకు వద్దండీ. దుర్గాపూజ రోజుల్లో కోల్‌కతా వీధుల్లో పిల్లల గుంపును నడిపించడం చాలా కష్టం.

జవాబు (రాయగడ నుంచి):
అమ్మా, మా నాన్నగారు సాలూరు కుష్ఠు ఆసుపత్రిలో పనిచేశారు కనుక ఈ మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. సిస్టర్లు కట్టుకునే నీలం అంచు తెల్ల చీరను కోల్‌కతా దగ్గరి టిటాగఢ్‌లో సిస్టర్లు నడిపే గాంధీజీ ప్రేమ్ నివాస్‌లో కుష్ఠు బాధితులే మగ్గాల మీద నేస్తారు. స్పర్శ తెలియని వేళ్లతో పోగు తెగిందో లేదో కంటితోనే చూసుకుంటూ నేయడం ఎంత కష్టమో, ఆ రోగులను దగ్గరగా చూసిన మాకు తెలుసు. మన వైపు ఇప్పటికీ ఆ జబ్బు పేరు చెప్పగానే మనిషిని దూరం పెట్టే ఇళ్లున్నాయి. కాబట్టి పిల్లలు ఆ చీరను పుణ్యవస్తువుగా చూసి దండం పెట్టి వచ్చేయకుండా, ఎవరు నేశారో తెలుసుకుని చూడాలని నా మనవి.

జవాబు (జయపురం నుంచి):
చరిత్ర చెప్పేటప్పుడు పూర్తిగా చెప్పడం మంచిది. 1948లో లొరెటో కాన్వెంటు విడిచి బయటికి వచ్చిన ఉపాధ్యాయిని మదర్ థెరిసా, పట్నాలో కొంత వైద్య శిక్షణ పొంది, బస్తీలో బడి మొదలుపెట్టారు. 1950 అక్టోబరు 7న సంఘానికి చర్చి ఆమోదం లభించింది, 1952లో కాళీఘాట్‌లో మరణాసన్నుల గృహం ప్రారంభమైంది. ఆ గృహాన్ని చూసిన లాన్సెట్ అనే వైద్య పత్రిక సంపాదకుడు రాబిన్ ఫాక్స్, వైద్యం పద్ధతిగా లేదనీ బలమైన నొప్పి మందులు ఇవ్వడం లేదనీ 1994లో రాశారు. పెద్దపిల్లలకు ఈ సంగతి చెప్పినంత మాత్రాన ఆమె సేవ చిన్నబోదు. ప్రేమతో పాటు సరైన వైద్యం కూడా రోగి హక్కేనని వారు ఆలోచిస్తే, ఆ ప్రయాణానికి అంతకన్నా ఏం కావాలి?

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. దసరా ఆలోచన మానుకుని జనవరికి మార్చాము. పలాసలో ఫలక్‌నుమా ఎక్కి వెళ్తాము, గురువారం తగలకుండా చూసుకుంటాము. బయలుదేరే ముందు వారం సండేస్కూలులో చీర గురించీ, కాళీఘాట్ గురించీ రెండు పాఠాలు చెప్పాలని నిర్ణయించుకున్నాను. టిటాగఢ్ మగ్గాలను చూడడానికి అనుమతి అడుగుతూ సిస్టర్లకు ఉత్తరం కూడా రాస్తున్నాను.