బంగారు కొల్లాయిడ్ ఎరుపెక్కకుండా ఊదారంగులోనే ఆగిపోతోంది

హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెబుతుంటాను. వారికి చూపడానికి (తాగడానికి ఎంతమాత్రం కాదు) 1951 నాటి టర్కెవిచ్ సిట్రేట్ పద్ధతిలో బంగారు కొల్లాయిడ్ (నీటిలో తేలియాడే అతిసూక్ష్మ బంగారు కణాల ద్రవం) చేయబోయి ఇంట్లో నాలుగుసార్లు విఫలమయ్యాను.

1 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ ఆమ్ల (బంగారం ఉన్న సమ్మేళనం) ద్రావణం 20 మిల్లీలీటర్లను మరిగించి, మాగ్నెటిక్ స్టిర్రర్ తిరుగుతుండగా 1 శాతం ట్రైసోడియం సిట్రేట్ ద్రావణం 2 మిల్లీలీటర్లు ఒక్కసారిగా కలుపుతున్నాను. లేత పసుపు పోయి, కాసేపు రంగు లేకుండా ఉండి, నీలిబూడిద రంగు వస్తోంది; అక్కడి నుంచి ముదురు ఎరుపుకు మారవలసిన ద్రావణం అల్లనేరేడు రసంలా ఊదాగా నిలిచిపోయి, తెల్లవారేసరికి అడుగున నల్లటి పొడి, పైన తేట నీరు మిగులుతున్నాయి.

మొదటి రెండుసార్లు ఇంటి ఫిల్టరు నీరు వాడాను, అది నా తొందరపాటే. మా బోరు నీటికి గిన్నెలకే తెల్లగా పొర కడుతుంది; ఆ లవణాలు కణాలను గుంపుకట్టిస్తాయని తెలిసి తరువాత ల్యాబ్ డిస్టిల్డ్ వాటర్‌కు మారాను. సిట్రేట్‌ను అప్పటికప్పుడు కలిపాను, మరిగించే సమయాన్ని 15 నిమిషాలకు పెంచాను, అయినా ఫలితం అదే. ఇక మిగిలిన అనుమానం ఫ్లాస్కు మీదనే: దానిని సబ్బుతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో ఆరుసార్లు జాడించాను. గాజును ఆక్వా రీజియాతో (గాఢ నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) శుభ్రం చేయాలంటారు గానీ, క్లోరిన్, నైట్రోజన్ ఆక్సైడ్ల పొగలు వెలువడే ఆ మిశ్రమాన్ని ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను బయటికి లాగే ల్యాబ్ గూడు) లేని ఇంట్లో కలపడానికి నేను సిద్ధంగా లేను.

ఆక్వా రీజియా లేకుండా, ఈ ప్రయోగానికి సరిపోయేంతగా గాజు ఫ్లాస్కును ఇంట్లో సురక్షితంగా శుభ్రం చేసే పద్ధతి మీలో ఎవరైనా స్వయంగా చేసి చూసినది ఉందా?