మారతహళ్లి దగ్గర పాపను అంగన్‌వాడీలో చేర్చాలి, తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది కదిరి. మా ఆయన బెంగళూరులో క్యాబ్ నడుపుతారు, నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. పాపకి మొన్ననే మూడేళ్లు నిండాయి. పక్క సందులోని ప్లేస్కూల్లో ఫీజు రాసిచ్చిన కాగితాన్ని ఆయన నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. ఇంటికొచ్చేదాకా మాటే లేదు.

అంగన్‌వాడీలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి ఆటపాటలు, చదువు, తిండి ఉచితమేగా. చిన్నప్పుడు మా ఊళ్లో నేనూ అక్కడ గుగ్గిళ్లు తిన్నదాన్నే. కర్ణాటక పబ్లిక్ స్కూళ్లలో ఎల్‌కేజీ ఉంది కానీ పాపకి ఇంకా ఆ వయసు రాలేదు.

టెన్షనల్లా కాగితాల గురించే. ఆధార్‌లో అడ్రస్ ఇంకా కదిరిదే. అద్దె అగ్రిమెంటు అడిగితే ఓనరమ్మ ముఖం తిప్పేసుకుంటోంది. బర్త్ సర్టిఫికెట్, టీకాల కార్డు ఉన్నాయి, వాటితో చేర్చుకుంటారా? ఇలాగే వేరే ఊరి ఆధార్‌తో చేర్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇంకోటి, పాపకి కన్నడలో ‘ఊట’, అంటే భోజనం, ఆ మాట ఒక్కటే వచ్చు (అది మాత్రం బాగా వచ్చు!). మీ పిల్లలు ఎన్నాళ్లకి అలవాటు పడ్డారు? మున్నేకొళాల వైపు పిల్లల్ని ఓపిగ్గా చూసుకునే టీచరున్న కేంద్రం ఏదైనా ఉంటే చెప్పండక్కా.